వెనక్కి తిరిగి చూస్తే

మా అక్క మనవడు కోయంబత్తూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆమధ్య దీపావళికి రాజపాళయం వచ్చినప్పుడు వాడి సంచిలోంచి ఒక చిన్న పుస్తకం జారి కింద పడింది. తమిళ పుస్తకం. మనిషి నోరు విప్పకపోయినా ఒంటిని చూసి మనసులోది కనిపెట్టడం ఎలాగో చెప్పే పుస్తకం. తిరగేస్తే ఒక ప్రకరణం మొత్తం ఆడపిల్లల గురించే ఉంది. జడ ముందుకు వేసుకుంటే ఒక అర్థం, గాజులు సవరించుకుంటే ఇంకో అర్థం, తల వంచుకుని ఓరగా చూస్తే మరో అర్థం. పక్కన బొమ్మలు కూడా వేశారు.

వాడు పుస్తకం నా చేతిలోంచి లాక్కోలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"తాతా, ఒక పిల్ల మలుపు తిరిగేముందు రెండుసార్లు వెనక్కి చూస్తే ఏమని అర్థం?"

"రెండుసార్లు వెనక్కి చూసిందని అర్థం" అన్నాను.

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో వాడికి ఆ రాత్రి చెప్పాను. వాడికి చెప్పినదాన్నే ఇక్కడ రాస్తున్నాను. నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పని సంగతి ఒకసారి నోరు దాటాక కాగితం మీద పెట్టడం అంత కష్టమనిపించలేదు.

మా ఊరు చూడనివాళ్ళకు నాలుగు మాటలు. పడమటి కనుమల పాదాల దగ్గర, దక్షిణ తమిళనాట ఉన్న ఊరు మాది. విజయనగరపు రోజుల్లో దక్షిణానికి దిగివచ్చిన రాజుల కుటుంబాల వల్ల ఊరికి ఆ పేరు. వాళ్ళతో పాటు, వాళ్ళకు ముందూ వెనకా వచ్చిన తెలుగువాళ్ళం ఇంకా ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రాయడం చదవడం తమిళమే. నేను తెలుగు అక్షరాలు ముప్పై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా గారు నూలు మిల్లు పెట్టిన తర్వాత ఊరు మిల్లుల ఊరైంది. సైరను కూతను బట్టి వంట పొయ్యి వెలిగించేవాళ్ళు మా అమ్మలు.

1979లో నాకు ఇరవై ఒకటో ఏడు. ఒక మిల్లులో లెక్కలు రాసే పని. అప్పటికింకా మేము రామనాథపురం జిల్లాలో ఉన్నాం. పని ముగించుకుని సాయంత్రం వచ్చి మా పెదనాన్న ఇంటి తిన్నె మీద కూర్చునేవాణ్ణి. అది వీధి మొదట్లో ఇల్లు. చల్లగా గాలి వస్తుంది, పేపరు ఉంటుంది, పెద్దమ్మ కాఫీ ఇస్తుంది.

రోజూ అయిదున్నర ప్రాంతంలో ఒక అమ్మాయి ఆ దారిన టైపు క్లాసుకు వెళ్ళేది. మా భాష పిల్లే, రెండు వీధుల అవతల ఇల్లు. పావడా దావణీ, చేతిలో చుట్టిన కాగితాలు. మా తిన్నె కనిపించే దూరానికి రాగానే తలెత్తి నేరుగా నావైపు చూసేది. నేను ఉన్నానని చూడగానే ఆమె మొహం తేటపడేది. మీరు నమ్మండి, ఆ తేటపడటం నా ఊహ కాదు. బిగబట్టిన భుజాలు వదులయ్యేవి. పెదవుల మీద సన్నని నవ్వు వచ్చేది. తర్వాత తల వంచుకుని గబగబా దాటిపోయేది. పిళ్ళయార్ కోవెల మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసేది. రెండడుగులు వేసి మళ్ళీ చూసేది.

ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడికి ఇంతకన్నా ఏం కావాలి? మొదటివారం అనుమానం, రెండోవారం నమ్మకం, మూడోవారం కొత్త చొక్కా. ఆమెతో ఒక్క మాట ఆడలేదు. ఆడవలసిన అవసరం ఉందని తోచలేదు. అంతా చెప్పేసింది కదా అనుకున్నాను.

అలా అనుకోవడానికి నాకు ఆధారాలు తక్కువేం లేవు. అంతకు ముందు ఏడాదే 'మరో చరిత్ర' వచ్చింది. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. తమిళనాట ఆ సినిమాను అనువదించకుండా తెలుగులోనే ఆడించారు, మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. ప్రేమకు భాష అక్కరలేదని మాకందరికీ ఆ సినిమా రుజువైపోయింది. బళ్ళో చదివిన తిరుక్కురళ్ కూడా నా పక్షానే ఉందనిపించింది. అందులో నూట పదో అధికారం పేరు 'కురిప్పరిదల్'. అంటే గుర్తులు పట్టి మనసు తెలుసుకోవడం. ప్రియురాలి చూపుల్లోంచి ఆమె మనసు తెలుసుకునే ప్రియుడి మాటలు అవి.

నాకు అప్పుడు తోచని సంగతి ఒకటుంది. అదే పేరుతో అదే గ్రంథంలో ఇంకో అధికారం ఉంది, డెబ్బై ఒకటోది. అది ప్రేమ గురించి కాదు. మంత్రి రాజు మొహం చూసి ఆయన మనసు కనిపెట్టడం గురించి. వళ్ళువర్ రెండుచోట్లా ఒకే పేరు పెట్టాడు. రాజు మొహాన్ని తప్పుగా చదివిన మంత్రికి తల పోతుంది. ఆడపిల్ల మొహాన్ని తప్పుగా చదివితే చదివినవాడికి ఏమీ కాదు. పోయేదేదో ఆ పిల్లకే పోతుంది. ఇది గ్రంథంలో లేదు, నా జీవితంలో నేర్చుకున్నది.

మా భరత శాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది చెప్పారు. మాన్పడిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. తమిళంలో తొల్కాప్పియం కూడా 'మెయ్ప్పాడు' అని ఎనిమిదింటిని లెక్కపెట్టింది. నవ్వు, ఏడుపు, ఏవగింపు, ఆశ్చర్యం, భయం, ఘనత, కోపం, సంతోషం. మనసులోది ఒంటిమీదికి రావడం గురించి ఇక్కడివాళ్ళు ఎంత ముందుగా ఆలోచించారో చూడండి. అయితే ఒకటి గమనించాలి. ఇవన్నీ నాటకానికీ కవిత్వానికీ చెప్పినవి. అక్కడ నటికి చెమట పడితే ఎందుకు పడుతుందో చూసేవాడికి ముందే తెలుసు, కథ తెలుసు కాబట్టి. వీధిలో కథ తెలియదు, చెమటే కనిపిస్తుంది. నూలు తెగకుండా ఉండాలని మిల్లులో గాలిని తేమగా ఉంచుతారు. ఆ ఉక్కలో ఎనిమిది గంటలు నిలబడినవాళ్ళ ఒళ్ళు చూసి శాస్త్రం చెబితే షిఫ్టు మొత్తం ప్రేమలో పడినట్టే.

నేను నోరు మూసుకుని ఊరుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఊరుకోలేదు. టీ కొట్టు దగ్గర ఇద్దరు స్నేహితులకు చెప్పాను. ఒకరోజు వాళ్ళు వచ్చి తిన్నె మీద నా పక్కన కూర్చున్నారు. ఆమె వచ్చింది, చూసింది, మొహం తేటపడింది, మలుపులో వెనక్కి చూసింది. ఇద్దరూ నా భుజం చరిచారు. "సందేహం లేదురా" అన్నారు. ముగ్గురు పండితులు ఏకాభిప్రాయానికి వచ్చాక ఇక శాస్త్రానికి తిరుగేముంది? ఆ ఇద్దరు ఇంకో ఇద్దరికి చెప్పారు. నెల తిరిగేసరికి ఆమె వెళుతుంటే కొళాయి దగ్గర ఆడవాళ్ళు మాటలు ఆపేవాళ్ళట.

ఒక సోమవారం ఆమె రాలేదు. మంగళవారమూ రాలేదు. పరీక్షకు ఇంకా రెండు వారాలు ఉందనగా ఆమెను క్లాసు మాన్పించారని తెలిసింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పెదనాన్న ఒక్కమాట అన్నారు, "కొన్నాళ్ళు ఇక్కడ కూర్చోవద్దురా" అని. తై నెలలో ఆమెకు దూరపు ఊళ్ళో పెళ్ళి చేసి పంపేశారు.

నేనేం చేశాను? బాధపడ్డాను. నిజం చెప్పాలంటే అది నా కోసం పడిన బాధ. మాకిద్దరికీ లోకం అన్యాయం చేసిందనుకున్నాను. విడదీశారనుకున్నాను. ఆమె అక్కడ నన్ను తలుచుకుంటూ ఉంటుందనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

1983లో నాకు పెళ్ళిచూపులు. మా ఆవిడ తల వంచుకుని కాలి బొటనవేలితో నేలమీద ఏదో గీస్తూ నిలబడింది. అడిగినదానికి మాట్లాడలేదు. "మౌనం అర్ధాంగీకారం" అన్నారు పెద్దలు. మిగతా సగం ఎవరిని అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు అడిగాను, ఆరోజు నేలమీద ఏం రాశావని. "చీమ కుట్టింది, గీరుకుంటే బాగుండదని కాలితో రుద్దుకున్నా" అంది. "నన్ను చూసి ఏమనుకున్నావు?" అంటే, "మీ చెయ్యి వణకతా ఉండె. భయస్థుడు, చెయ్యి చేసుకునే మనిషి కాదులే అనుకున్నా" అంది. చెయ్యి వణికింది కాఫీ లోటా కాలుతున్నందుకు. మేము అలా ఇద్దరం తప్పు చదువుకుని ఒక ఇల్లు కట్టుకున్నాం. మా అదృష్టం బాగుండి నిలబడింది. అందరికీ నిలబడదు.

ఇక 2006. దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్ళి. అన్నాలయ్యాక పందిట్లో పిల్లలు ఏదో మాట మీద మా ఊరి కుక్కల గురించి వాదించుకుంటున్నారు. తెల్లని ఒళ్ళు, లేత ఎరుపు ముక్కు, పరాయివాణ్ణి గుమ్మం తొక్కనివ్వని రాజపాళయం కుక్క తమిళనాట అందరూ ఎరిగినదే. అంతకు ముందు ఏడాది, 2005లో, తపాలా శాఖ నాలుగు దేశీయ జాతుల కుక్కల మీద స్టాంపులు వేస్తే అందులో మా ఊరిదీ ఒకటి. నేను పోస్టాఫీసుకు వెళ్ళి కొని పర్సులో పెట్టుకున్నాను. అది తీసి పిల్లలకు చూపిస్తుంటే వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆ కుక్కకు స్టాంపు కూడానా! నాకు జ్వరం తెప్పించింది కదన్నా ఆ కుక్క."

తిరిగి చూశాను. ఆమే. జుట్టు నెరిసింది. ఆ "అన్నా" అన్న పిలుపుతోనే నాకు సగం అర్థమైంది. మిగతా సగం ఆమె చెప్పింది, ఏ కల్మషమూ లేకుండా, నవ్వుతూ.

"మీ పెదనాయన ఇంట్లో ఉండె కదా, తెల్ల కుక్క. టైపు క్లాసుకు ఆ దోవనే పోవాల. మీరు తిన్నె మీద ఉంటే దాన్ని గొలుసుతో కట్టేసి ఉంటారు. మీరు లేకపోతే వదిలేసి ఉంటారు. అందుకని దూరం నుంచే చూసుకునేదాన్ని, అన్న ఉండాడా లేదా అని. ఉంటే ప్రాణం లేచొచ్చేది. అయినా మలుపు దాకా తిరిగి తిరిగి చూసేదాన్ని. ఒకసారి గొలుసు తెంచుకుని వెంటబడింది కదా."

నిజమే. ఆ కుక్క నన్ను కూడా సగమే నమ్మేది. అందుకని నేను వచ్చీరాగానే దాన్ని గొలుసుకు కట్టి గాని కూర్చునేవాణ్ణి కాదు. నేనే కట్టాను, నేనే మరిచిపోయాను. ఆమె మొహం తేటపడటం నా ఊహ కాదని ఇందాక అన్నాను. ఇప్పుడూ అదే అంటాను. ఆమె నన్ను వెతికిందీ నిజమే, చూసి సంతోషించిందీ నిజమే. నేను చదివిన గుర్తుల్లో ఒక్కటీ అబద్ధం లేదు. నేను కట్టిన అర్థమే అబద్ధం.

"క్లాసు ఏంటికి నిలిపేసినారో నీకు చెప్పినారా అమ్మా?" అని అడిగాను.

"అప్పుడు చెప్పలేదు. పెండ్లయిన రెండేళ్ళకు మా చిన్నమ్మ చెప్పింది" అంది. నవ్వు ఆగింది. "నేనేం చేసినానో నాకు తెలియకుండానే అంతా అయిపోయింది."

"తప్పు నాది" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాదనలేదు, అవుననలేదు. ఆ మౌనానికి నేను ఏ అర్థమూ కట్టలేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. 1982లో ఆంటోనియా అబ్బీ అనే అమెరికా పరిశోధకురాలు ఒక పరీక్ష చేసింది. ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ ఊరికే కాసేపు మాట్లాడుకుంటారు. ఇంకో అబ్బాయీ ఇంకో అమ్మాయీ చాటునుంచి గమనిస్తారు. తర్వాత అడిగితే, ఆడవాళ్ళు ఉత్త స్నేహం అనుకున్నచోట మగవాళ్ళు అంతకన్నా ఎక్కువేదో చూశారు. మాట్లాడినవాడే కాదు, చాటునుంచి చూసినవాడు కూడా. అది చదివినప్పుడు తిన్నె మీద నా భుజం చరిచిన ఇద్దరూ గుర్తొచ్చారు. మనిషి భావాల్లో మాటల వంతు నూటికి ఏడేనని, మిగిలినదంతా గొంతూ మొహమూ అని ఒక లెక్క అన్ని పుస్తకాల్లోనూ తిరుగుతుంది. మా వాడి పుస్తకంలోనూ ఉంది. అది 1967లో మెహ్రాబియన్ అనే ఆయన చేసిన చిన్న పరీక్షల్లోంచి వచ్చింది. ఒక్కో మాటను రకరకాల గొంతులతో, మొహాలతో చూపిస్తే వినేవాళ్ళు ఇష్టమో అయిష్టమో ఎలా పోల్చుకుంటారని చూశారు. మామూలు సంభాషణ అంతటికీ ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పుకున్నాడు. ఆ మాటను మాత్రం ఎవరూ అచ్చు వెయ్యరు.

గుర్తులన్నీ అబద్ధమని నా వాదన కాదు. మిల్లులో యంత్రాల హోరుకు పక్కవాడి మాట కూడా వినపడదు. అక్కడ మావాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని, బొటనవేలు నోటికి చూపితే టీ వచ్చిందని. ఇంగ్లండులో లాంకషైర్ నేతమిల్లుల ఆడవాళ్ళు కూడా ఇలాగే పెదవులూ చేతులూ కలిపి ఒక భాష అల్లుకున్నారు. అది భాష, ఎందుకంటే చెప్పేవాళ్ళకు చెబుతున్నామని తెలుసు. అటూ ఇటూ ఒప్పందం ఉంది. వీధిలో నడిచిపోయే పిల్ల మనతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు. ఆమె నడక ఆమెది. అది మనకు రాసిన ఉత్తరం కాదు.

మాకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో శ్రీవిల్లిపుత్తూరు. ఆండాళ్ ఊరు. స్వామికి కట్టిన మాలను ఆమె ముందుగా తాను వేసుకుని బావిలో నీడ చూసుకుని పంపేదని కథ. ఆ పేరుతోనే కృష్ణదేవరాయలు మన భాషలో 'ఆముక్తమాల్యద' రాశాడు. కథలో నాకు పట్టిన చోటు ఒకటుంది. మాల విషయం తెలిసినప్పుడు తండ్రి పెరియాళ్వారు దాన్ని అపచారమనుకున్నాడు. అంత భక్తుడు, కన్నతండ్రి లాంటివాడు, అదే ఇంట్లో ఉన్నవాడు, ఆ గుర్తును ముందు తప్పుగానే చదివాడు. ఆండాళ్ మాలతో ఊరుకోలేదు. తిరుప్పావై, నాచ్చియార్ తిరుమొళి పాడి తన మనసు తన మాటల్లో చెప్పుకుంది. అందుకే మనకు తెలిసింది.

ఇదంతా విన్నాక మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"అయితే నన్నేం చెయ్యమంటావు తాతా?"

"అడుగు. నోటితో మర్యాదగా అడుగు. ఆ పిల్ల లేదంటే లేదనే అర్థం. ఏమీ చెప్పకపోతే అది కూడా లేదనే. ముఖ్యంగా, అడిగేదాకా నీ స్నేహితుల దగ్గర నోరెత్తకు."

"ఆ పిల్లకు తెలుగు రాదు తాతా."

"నీకు తమిళం వస్తుంది కదరా."

వాడు పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు. పారెయ్యమని నేను చెప్పలేదు.

ఒక్క సంగతి వాడికి చెప్పలేదు. ఆరోజు పెళ్ళి పందిట్లో ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆమె రెండు చేతుల వేళ్ళూ మోకాళ్ళ మీద ఆడుతూనే ఉన్నాయి. ఒక వరసలో, ఒక లెక్కతో. ఈసారి నేను ఊహించుకోలేదు, అడిగాను.

"అదా" అని చేతులు చూసుకుంది. "టైపు. ఇరవై ఏడేళ్ళయింది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆ మాటలు కొట్టుకుంటూ పోతాయి వేళ్ళు. ఇన్నేళ్ళలో అడిగింది నువ్వే అన్నా."